రేణుకమ్మ మీద ఏడ్చిన గొంతు

నాగప్ప మాట్లాడితే ఏ తేడా తెలిసేది కాదు. నలుగురు మగాళ్ళలాగే బొంగురు మాట. పాట ఎత్తుకుంటేనే వచ్చేది చిక్కంతా. ఆ గొంతు సన్నబడి పైకి పోయేది, ఆడవాళ్ళకు కూడా అందనంత పైకి. కావాలని చేసేది కాదు. పాట అతనికి అక్కడే దొరికేది, అంతే.

గద్వాల సంస్థానం ఇంకా ఉన్న రోజులవి. ధరూరు దగ్గర మా ఊరు. అతను మోట తోలుతూ పాడితే, ఎవరో ఆడమనిషి ఎద్దులు తోలుతోందని దారిన పోయేవాళ్ళు బావి దాకా వచ్చి చూసేవారు. చూసి, నవ్వి, ఊరంతా చెప్పేవారు. పెళ్ళిమాటలకు వచ్చినవాళ్ళ చెవినా ఆ పాటే పడింది. "మీ ఇంట్ల ఒక ఆడిపిల్ల ఉండనే ఉన్నది, మా పిల్ల ఎందుకు?" అని పిల్ల మేనమామ వెటకారం చేసి, ఇచ్చిన నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాగప్ప ఎద్దులను అదిలించడమే కానీ బావి దగ్గర పాట లేదు.

తల్లి రేణుకమ్మ ఎదుట మాత్రం పాడేవాడు. తెల్లవారుజామున ఆమె తిరుగలి దగ్గర కూర్చుంటే, ఎదురుగా కూర్చుని తానూ ఒక చెయ్యి వేసేవాడు. తలుపు వేసి ఉండేది కనుక సరిపోయింది, లేకపోతే ఊరు దానికీ నవ్వేది. ఆమె పాటలన్నీ అతనికి వచ్చు. రేణుకమ్మ తన తల్లి పోయినప్పుడు రాగం తీసి ఏడ్చిన మాటలు కూడా వచ్చు. చెల్లెలు బాలనాగమ్మ వాటిని అరకొరగా నేర్చుకుని, కృష్ణ ఏటి అవతలి ఊరికి కాపురానికి పోయింది.

మా వైపు ఆడమనిషి పోతే కూతురు రావాలి. తల్లి మీద పడి, రాగం తీసి, ఆమె పడ్డ కష్టమంతా చెప్పి ఏడవాలి. అప్పుడే పాడె లేస్తుంది. రేణుకమ్మకు చావంటే భయం లేదు, ఏడ్చేవాళ్ళు లేకుండా పోతానేమోనని మాత్రం ఉండేది. మంచం పట్టాక కొడుకుతో ఒకటే మాట.

"నన్ను మూగగ పంపకుండ్రి కొడుకా. ఎవలన్న ఏడ్వాలె."

ఏరు పొంగిన రోజుల్లోనే ఆమె పోయింది. కూతురికి కబురు చెప్పడానికి పక్కింటి లాల్ అహ్మద్ వానలోనే రేవుకు పరుగెత్తాడు. స్నానం చేయించారు, బొట్టు పెట్టారు, ఎదురు చూశారు. మధ్యాహ్నం దాటింది.

"ఇంక ఎంతసేపు ఆగుతం? లేపుదం," అన్నాడు పెద్దమనిషి అనంతయ్య.

"జర ఆగుండ్రి," అన్నాడు నాగప్ప. లోపలి ఆడవాళ్ళను బయటికి పంపి తలుపు వేసుకున్నాడు.

కాసేపటికి లోపలి నుంచి రాగం లేచింది.

"తెల్లారకముందే లేస్తివి అవ్వా, తిరుగలి ముందర కూసుంటివి. పిండంత ఇంటికి పెడితివి అవ్వా, పాటొక్కటి నాకిస్తివి."

పంచలో కిక్కిరిసి నిలబడ్డ జనం ఒక్కసారిగా కదిలిపోయారు. చావు ఇళ్ళలో ఏడుపు మొదలుపెట్టేది ముసలి బుజ్జమ్మ. ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. "బాలనాగమ్మ వచ్చింది. దొడ్డి తోవల వచ్చినట్టుంది," అని వెక్కివెక్కి ఏడ్చింది. అనంతయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఏళ్ళ తరబడి రేణుకమ్మతో మాటలు లేనివాళ్ళు కూడా ఏడ్చారు. ఇంత బాగా ఏడ్చే కూతురు ఎంతమందికి ఉంటుందని ఎవరో అన్నారు.

అప్పుడు లాల్ అహ్మద్ నిలువునా తడిసి వచ్చాడు.

"ఏరు ఒడ్డు దాటింది. పడవోడు పుట్టి ఎయ్యనన్నడు. బాలనాగమ్మకు కబురే పోలే."

"మరి లోపట ఎవలు?" అంది బుజ్జమ్మ.

తలుపు తోశారు. నాగప్ప తల్లి పాదాల మీద తల పెట్టి ఉన్నాడు. రాగం ఇంకా నోట్లోనే ఉంది. జనాన్ని చూసి ఆపేశాడు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో తన సొత్తు ఎత్తుకుపోయినట్టు బుజ్జమ్మ ముఖం తుడుచుకుంది. "మొగ పుట్టుక పుట్టి ఇదేం పనిరా," అంది.

"మొగోడు ఏడిస్తే ఏడ్చినట్టు కాదు. పాడె ఎత్తుండ్రి," అన్నాడు అనంతయ్య.

తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గొంతు అదే, మాటలు అవే, వాళ్ళ చెంపల మీద తడి కూడా ఇంకా ఆరలేదు. రేణుకమ్మ తాను భయపడ్డట్టే, ఊరి లెక్కలో మూగగా వెళ్ళింది. నాగప్ప నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. మళ్ళీ రాగం ఎత్తలేదు.

మూడోనాటికి ఏరు తగ్గి బాలనాగమ్మ వచ్చింది. ఇంట్లో తల్లిని పడుకోబెట్టిన చోట కూలబడింది.

"మా అవ్వ మీద ఎవలన్న ఏడ్చిండ్రా?"

"ఎవలు ఏడ్వలే బిడ్డా," అంది బుజ్జమ్మ. "నువ్వే ఏడ్వాలె."

నాగప్ప గుంజకు ఆనుకుని అక్కడే ఉన్నాడు.

బాలనాగమ్మ రాగం ఎత్తింది. తెల్లారకముందే లేస్తివి అవ్వా, తిరుగలి ముందర కూసుంటివి. ఆ తర్వాత మాట రాలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తింది, మళ్ళీ అక్కడే ఆగింది. కళ్ళనీళ్ళతో వెనక్కి తిరిగింది.

"అన్నా, దీని తర్వాత అవ్వ ఏమంటుండె?"

ఆడవాళ్ళంతా నాగప్ప వైపు చూశారు. బుజ్జమ్మ తల దించుకుంది. ఆ మాట ఆమెకూ గుర్తుంది, తలుపు బయట నిలబడి దానికే ఏడ్చింది.

నాగప్ప గొంతు సవరించుకున్నాడు.

"తెల్వదు," అన్నాడు, ఆ బొంగురు మాటతోనే.

బాలనాగమ్మ తనకు వచ్చిన ఆ ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ అంటూ ఏడ్చింది.