ఇంజను ఆపితే వరస పోతుంది

"నువ్వు మాట్లాడకపోతే కొంపలేం మునగవే. మాట్లాడితే మీ నాన్న నలుగురిలో తలెలా ఎత్తుకుంటాడు?" అన్నాను, లారీ సంఘం మెట్లెక్కుతూ. నా కూతురు నవ్వి, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

డీజిలు మీద పొగ పన్ను వేస్తారట. ఎవరి బండి ఎంత పొగ వదిలితే వాళ్లకు అంత. దానిమీద సమ్మె చేయాలా వద్దా అని ఆ రోజు సభ. అధ్యక్షుడు మా ఆయనే. ఆయన నడుం పడిపోయిన దగ్గర్నుంచి మా లారీ నడిపేది మా అమ్మాయి. అది సమ్మె వద్దంటుందని నాకు ముందే తెలుసు. కుర్చీలు లేస్తాయని, మా ఆయనకు గుండెనొప్పి వస్తుందని భయపడి, తలుపు పక్కనే చోటు చూసుకుని కూర్చున్నాను.

పన్ను కట్టేకంటే బండ్లు అమ్ముకోవడం నయమని మా ఆయన అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. అప్పుడు మా అమ్మాయి లేచింది.

"కూర్చో అమ్మడూ, మీ నాన్న చెప్పాక ఇంకేముంది?" అన్నాడు హారన్ బాబాయి. ఆయన గొంతుకు ఆ పేరే సరిపోయింది.

"సరుకు యార్డులో నీ బండి ఇంజను ఎప్పుడైనా ఆపావా బాబాయ్?"

"ఆపితే వరస పోదూ?"

సభంతా గొల్లున నవ్వింది. ఇంజను ఆగిన బండిని వెనక్కి నెట్టేయడం ఆ యార్డు పద్ధతి. అందుకే పూటంతా నిలబడే డీజిలు కాలుస్తారు.

"నడిచినప్పుడు కాల్చినదానికి మనం కడదాం. నిలబెట్టి కాల్పించినదానికి యార్డువాళ్లు కట్టాలి. ఇంజను ఆపినా వరస పోకుండా చీటీలివ్వాలి. వసూలైన పన్నులోంచి పాత బండ్లు మార్చుకోవడానికి సాయం చేయాలి. పన్నే వద్దని భీష్మించుకుంటే ఇవన్నీ ఎవర్ని అడుగుతాం?" అంది.

నా కడుపున పుట్టిన పిల్లేనా అనిపించింది. భయం ఎటు పోయిందో, పక్కావిడకు "మా అమ్మాయే" అని చెప్పేశాను.

అది తండ్రివైపు తిరిగింది. "నువ్వు సమ్మె అంటే అందరికంటే ముందు నీ బండే ఆపుతాను నాన్నా. కానీ చెప్పు, ఆ వరసలో పొగ మింగుతూ నన్ను కూర్చోమంటావా?"

ఆయన బల్లవైపే చూస్తున్నాడు. నేను తలుపు పక్కనుంచి లేచి, ముందుకు వెళ్లి నా కూతురి పక్కన నిలబడ్డాను.

ఆయన తలెత్తి మా ఇద్దరివైపూ చూశాడు.

"సమ్మె మాట కొట్టేయండి," అన్నాడు. "నువ్వు చెప్పినవి మళ్లీ చెప్పమ్మా, రాసుకుంటారు."