గొయ్కో పెళ్ళి తూటాలు

పాత సైనిక తూటాలకు ధర కట్టడం నా పని. ఇవాన్యిత్సా పట్నంలో నా కొట్టుకు వచ్చే ప్రతివాడూ తన తాత దాచిన తూటాలు బంగారంతో చేసినవే అనుకుంటాడు. తుప్పు చూపిస్తే మొహం మాడ్చుకుంటాడు. పెట్టె సీలు చెక్కుచెదరకూడదు. తూటా అడుగున కొట్టిన సంవత్సరం కనబడాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల తుపాకిమందు పొడిగా సన్నగా గలగలమనాలి. ఆ చప్పుడు లేదంటే చెమ్మ తగిలి ముద్దకట్టిందని అర్థం, సేకరించేవాళ్ళు దాన్ని ముట్టరు. ఇంత విడమరిచి చెప్పినా, "మళ్ళీ ఒకసారి విను టోడోర్" అని ప్రాణం తీస్తారు.

కొండ మీది ఊళ్ళో ఒబ్రెన్ అనే ముసలాయన పోయాక అతని భార్య స్తమెన్క కబురు పెట్టింది. లైసెన్సు అతని పేరున ఉండేది. మనిషి పోయాక తూటాలు ఇంట్లో ఉండకూడదు కదా, నెలాఖరులోగా వదిలించుకోమని పోలీసులు చెప్పారట.

వెళ్ళేసరికి గడప దగ్గర మగవాడి బూట్లు కనిపించాయి, నూనె రాసి మెరుస్తున్నాయి. ఒబ్రెన్‌వి కావు, అతనివి ఏనుగు పాదాలు. లోపల బల్ల మీద రెండు కంచాలు. నాకే కాబోలనుకుని రెండోదాని ముందు కుర్చీ లాగాను.

"అది గొయ్కోది నాయనా. నువ్విటు కూర్చో," అంది.

గొయ్కో ఆమె ఒక్కగానొక్క కొడుకు. తొంభై ఒకటిలో యుద్ధానికి వెళ్ళాడు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. ఎవరో నా వెనకే నిలబడి, కుర్చీలోంచి నేను లేవడం కోసం చూస్తున్నట్టు అనిపించింది. పక్కకు జరిగాను.

"ఊళ్ళోవాళ్ళు వాడికి గోధుమలు ఉడకబెట్టమంటారు," అంది గ్లాసులో రకియా సారా పోస్తూ. చచ్చిపోయినవాళ్ళ పేరున మేం గుడికి పట్టుకెళ్ళేవి ఆ గోధుమలే. "బతికున్నోడికి పెడతారా ఎవరైనా? నేనైతే ప్రతి ఆదివారం పై పళ్ళెంలోనే వెలిగిస్తున్నా."

మా గుళ్ళో కొవ్వొత్తులకు రెండు పళ్ళేలుంటాయి. పైది బతికున్నవాళ్ళకు, నేల దగ్గరున్నది పోయినవాళ్ళకు.

"మరి ఒబ్రెనో?"

"ఆయనెప్పుడూ కింద పళ్ళెం దగ్గరే కూలబడేవాడు. వాళ్ళమ్మ మీద అంత ప్రేమ. బతికున్నప్పుడు ఒక్కనాడైనా ఆవిడ మాట విన్నాడా? పోయాక పుట్టుకొచ్చింది భక్తి."

అటక మీంచి దింపిన పెట్టెలు మంచివి. ఒబ్రెన్ జాగ్రత్తపరుడు, చెమ్మ తగలనివ్వలేదు. ఒక్కో పెట్టెలోంచి ఒక తూటా తీసి ఊపి విని ధర చెప్పాను. ఆమె బేరమాడకపోవడం నాకు నచ్చలేదు. బేరమాడని ముసలివాళ్ళంటే నాకు భయం.

చివర్లో తువ్వాలులో చుట్టిన పెట్టె తెచ్చింది.

"వాడు పుట్టిన ఏడు ముద్ర ఉంది, చూడు. ఆయన అప్పుడే కొని దాచాడు, పెళ్ళిలో ఆపిల్ కొట్టడానికి."

మా వైపు పెళ్ళికూతురి ఇంటివాళ్ళు పొడుగాటి కొయ్య చివర ఆపిల్ కడతారు. మగపెళ్ళివాళ్ళు దాన్ని తుపాకీతో రాలగొడితే తప్ప గేటు తియ్యరు.

"దీనికీ ధర కట్టు. అమ్మడానికి కాదులే. నీ లైసెన్సు మీద నీ కొట్లో దాచు. వాడొచ్చాక అదే ధరకు తీసుకుంటా. అప్పుడు గాని పెంచావో, చెవి మెలేస్తా."

నవ్వాను. పెట్టె తిప్పి చూశాక ఆ నవ్వు పోయింది. సీలు కాగితం ఎవరో విప్పి, మళ్ళీ ఎంతో పొందిగ్గా అంటించారు. ఒక తూటా తీశాను. ఇత్తడి మెడ దగ్గర పటకారు గీతలు. ఊపాను. సన్నటి గలగల కాదు, లావుగా, మొద్దుగా ఉంది చప్పుడు. ఇంకోటి ఊపాను, అదీ అంతే. ఇందులో మందు లేదు. ఈ తూటాలతో ఏ ఆపిలూ రాలదు. పటకారు పట్టి ఒక్కొక్కటే విప్పినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

ఈ ఇంట్లో ఆ పని చెయ్యగలిగినవాడు ఒక్కడే, ఒబ్రెన్. రకియా ఒక్క గుక్కలో తాగేసి, అన్నిటికంటే మంచి ధర చెప్పాను.

ఆమె నాకేసి చూసింది. "మిగతావన్నీ ఒక్కోసారి ఊపావు. ఇవి రెండు ఊపావేం?"

"చెవి సరిగ్గా వినబడక పెద్దమ్మా. వయసు మీద పడింది."

"నా ముందా వయసు కబుర్లు? ఇటియ్యి."

ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చాను. ఆమె తలగుడ్డ వెనక్కి తోసి, చెవికి ఆనించి ఊపింది. జీవితమంతా ధాన్యం చెరిగిన చేతులవి. ఒక్కసారికే ఆగిపోయాయి.

"విప్పు," అంది.

"వద్దు పెద్దమ్మా, ధర పోతుంది."

"విప్పమన్నానా?"

పెరట్లోకి వెళ్ళి పటకారుతో తూటా మొన లాగాను. తేలిగ్గానే ఊడింది. ఆమె చాచిన అరచేతిలోకి గోధుమలు రాలాయి.

ఏడుస్తుందేమోనని హడలిపోయాను. ఆమె మాత్రం మామూలు గొంతుతో చెప్పింది.

"యుద్ధం అయ్యాక ఒకతను వచ్చాడు, గొయ్కోతో పనిచేసినవాడు. కట్టెల కొట్టం దగ్గర ఈయనతో మాట్లాడి, నీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు. ఎవరని ఈయన్ని అడిగితే, ఎవరో దారి అడిగాడన్నాడు. ఆ సాయంత్రం ఈయన నన్ను గోధుమలు అడిగాడు, కడిగి ఎండబెట్టి ఇమ్మన్నాడు. పావురాలకట." గింజలను వేలితో కదిపింది. "పావురాలకు గోధుమలు కడిగి పెడతారా ఎవరైనా? అడగొచ్చుగా. నేను అడగలేదు."

వెనక నిలబడ్డవాడు ఇంకా అక్కడే ఉన్నట్టుంది నాకు. తిరిగి చూసే ధైర్యం రాలేదు.

నేను బయల్దేరుతుంటే తనూ బండెక్కి, గుడి దగ్గర ఆపమంది. లోపల ఎవరూ లేరు. కొవ్వొత్తి వెలిగించి, అలవాటు కొద్దీ పై పళ్ళెం ముందుకు వెళ్ళింది. మైనం వేళ్ళ మీదకు కారుతున్నా కదల్లేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోదామనుకున్నాను.

అప్పుడు కిందికి వంగబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. మోచెయ్యి పట్టుకుని దించాను. కింది పళ్ళెం ఇసుకలో ఒబ్రెన్ కోసం ఉదయం ఆమే పెట్టిన కొవ్వొత్తి మొదలుంది. గొయ్కోది దాని పక్కన గుచ్చి, పడకుండా ఇసుక సర్దింది.

"ఇన్నేళ్ళూ వాడి కోసం ఇక్కడికి ఆయనొక్కడే వంగాడు," అంది. "నేను పక్కనే నిలబడ్డాను టోడోర్. నిలబడే ఉన్నాను."