నాలుగో అధ్యాయానికి భాష్యం

ఇస్త్రీపెట్టె కాలరు దాటేసరికి మొదటి అధ్యాయం, చేతులు రెండూ పూర్తయ్యేసరికి నడిమి అధ్యాయాలు, వీపు చదునయ్యేసరికి గ్రంథసారమంతా ముగిసిపోవాలన్నది ఆ ఇంటి నియమం. వెనకటి రోజుల్లో గురువు పీఠం మీద కూర్చునేవాడనీ, శిష్యుడు చేతులు కట్టుకుని నిలబడేవాడనీ పెద్దలు చెబుతారు. ఈ ఇంట్లో మాత్రం శిష్యుడు కాఫీ కప్పుతో కుర్చీలో ఆసీనుడై ఉండగా, గురువు నిలబడి, పాఠం చెబుతూ, శిష్యుడి చొక్కా ఇస్త్రీ చేసేది. విద్యాదానంలో ఇంతటి వినయం ఏ గురుకులమూ ఎరగదు.

శిష్యుడు అంటే ఆమె భర్త. వంటింటి అలమరలు తయారుచేసే ఒక కంపెనీలో ఆయన మేనేజరు. డిజైన్ మీద గాని, వ్యాపార నిర్వహణ మీద గాని కొత్త పుస్తకం వెలువడిందంటే చాలు, అది ఆయన గూటికి చేరవలసిందే. గదిలో ఒక గోడ మొత్తం ఆ పుస్తకాలదే. నాయకత్వానికి ఒక వరస, సమావేశాలకు ఒక వరస, రంగులకూ రేఖలకూ ఇంకొక వరస. ఆఫీసులో ఆయన్ని "నడిచే గ్రంథాలయం" అనేవారు. గ్రంథాలయం పుస్తకాలు దాచుకుంటుందే తప్ప చదవదన్న సంగతి అక్కడెవరికీ తట్టినట్టు లేదు.

"మళ్ళీ ఇటుకలు తెచ్చావట్రా?" అనేది ఆయన తల్లి, కొత్త కట్ట గుమ్మం దాటినప్పుడల్లా. "గోడైతే లేస్తోంది గాని, ఇల్లెప్పుడు కడతావు నాయనా?"

చదివేది కోడలు. ఈ ఏర్పాటు ఎలా మొదలైందో ఆమెకు బాగా గుర్తు. పాప పుట్టాక ఒక ఉదయం ఆయన లావుపాటి పుస్తకం ఒకటి ఆమె ముందు పెట్టి, "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, కాస్త తిరగేసి ఇందులో ఏముందో రెండు ముక్కల్లో చెప్పకూడదూ?" అన్నాడు. ఇంట్లోనే ఉంటావుగా! ఎంత చల్లని మాట! ఎండలో తిరిగేవాడు నీడలో కూర్చున్నవాణ్ని చూసి అసూయపడినట్టు ఉంటుంది. ఆ నీడలో ఉతకడం, ఆరేయడం, తోమడం, తుడవడం, అన్నం పెట్టడం, పాప జ్వరం, అత్తగారి మోకాళ్ళు అన్నీ ఉన్నాయి గాని, వాటికి జీతం లేదు గనక అవి తీరిక కింద జమ అయ్యాయి. అంతకుముందు ఆమె కుర్చీలూ బల్లలూ గీసే డిజైనరు. "కొంతకాలం" మానేసింది. కొంతకాలం అన్నది చాలా సాగే గుణం ఉన్న పదార్థం. మగవాడి విషయంలో అది సెలవుగా కుదించుకుపోతుంది, ఆడదాని విషయంలో ఆయుర్దాయంగా సాగుతుంది.

అయితే న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ చదువు ఆమెకు శిక్ష కాలేదు. మొదటి పుస్తకం విధిగా చదివింది, రెండోది కుతూహలంతో, మూడోది దొంగతనంగా. పాలు పొంగేలోపు రెండు పేజీలు, బట్టల మెషీను తిరుగుతున్నంతసేపు పది, పాప బడి గేటు ముందర బెంచీ మీద ఒక అధ్యాయం. "పుస్తకం పట్టుకున్న కోడలూ, పొయ్యి మీది పాలూ, రెంటినీ నమ్మకూడదు" అని అత్తగారు ఒక సామెతే కట్టింది. ఆ సామెత నిజమని పాలు ఎన్నోసార్లు పొంగి మరీ సాక్ష్యం చెప్పాయి.

కవులు చంద్రుణ్ణి పొగిడారు, వెన్నెలను పొగిడారు. మేనేజరులకోసం రాసిన పుస్తకాలను పొగిడిన కవి లేడు. ఆమెకు మాత్రం అవి కావ్యాలతో సమానంగా కనిపించేవి. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, జీవితమంతా కుర్చీలే చేసి, చివరికి కూర్చుని, "కుర్చీ గీసేముందు మనిషి ఎలా కూర్చుంటాడో చూడకండి, ఎలా లేస్తాడో చూడండి" అని రాశాడు. ఆ వాక్యం దగ్గర ఆమె గరిటె పక్కన పెట్టేసింది. ఇంకొకరు, సమావేశంలో అందరికంటే ఆఖరున మాట్లాడే మనిషిని అందరికంటే ముందు అడగమన్నారు. మరొకరు "కుదరదు" అని చెప్పడానికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించి, కుదరదన్న తర్వాత కారణాలు చెప్పడం మొదలుపెడితే అది కుదిరినట్టే లెక్క అని హెచ్చరించారు. ముక్తిమార్గం బోధించినవారు చాలామంది ఉన్నారు. రేపు పొద్దున్న పని ఎలా మొదలుపెట్టాలో ఇంత ఓపికగా, ఇంత దయగా చెప్పినవారు ఎందరున్నారు? తనకోసం రాయకపోయినా తనకు చేరిన ఉత్తరాల్లా వాటిని ఆమె చదువుకుంది.

ఇక ఆ నాలుగో అధ్యాయం సంగతి.

అది అలమరల వ్యాపారానికి పనికొస్తుందని ఆయన ముచ్చటపడి తెచ్చిన పుస్తకం. మొదటి మూడు అధ్యాయాలూ అమృతం. నాలుగోది గోదాములో సరుకు ఎలా పేర్చాలన్నది. ఆ ఉదయం ఆమె చొక్కా వీపు మీద నీళ్ళు చిలకరిస్తూ మూడోది ముగించింది. సరిగ్గా అప్పుడే వంటింట్లో అత్తగారు అడుగు అలమరలోంచి పెద్ద గిన్నె తీయడానికి ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఎప్పుడో పోయిన తన తల్లిని "అమ్మో!" అని పిలుస్తూ కిందికి వంగింది. కోడలు ఆ వంగడాన్ని చూసింది. గోదాము పక్కకు తప్పుకుంది.

"నాలుగో అధ్యాయంలో ఏమంటాడంటే," అని మొదలుపెట్టింది, "కొనేవాళ్ళు వేరు, వాడేవాళ్ళు వేరు. దుకాణంలో నిలబడి తలుపు నునుపూ రంగు మెరుపూ చూసేది ఒకరు. ఇంట్లో రోజూ దానిముందు వంగేది ఇంకొకరు. డబ్బిచ్చినవాడి నడుముకి ఆ అలమరతో పరిచయమే ఉండదు. అందుకని గీసేముందు కనుక్కోవలసింది ఎవరు కొంటారని కాదు. ఎవరు వంగుతారని."

"బావుందే!" అన్నాడాయన, కప్పు కింద పెట్టి. "ఎవరు వంగుతారు! భలే రాశాడు."

పుస్తకం ఎక్కడ ఆగిందో, తాను ఎక్కడ మొదలైందో ఆమెకు తెలియలేదని చెబితే అబద్ధమే. తెలుసు. భాష్యకారులు మూలాన్ని దాటడం మన దేశంలో కొత్తేమీ కాదు గనక ఊరుకుంది. పైగా భలే రాశాడన్న ఆ మెప్పు ఉంది చూశారూ, అది తప్పు చిరునామాకి వచ్చినా తన ఇంటికే వచ్చింది.

అదే రోజు, సోమవారం సాయంత్రం, ఆయన చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు.

"నాలుగో అధ్యాయం ఏదీ? చూపించు."

కంపెనీ సమావేశంలో ఆయన ఆ మాట అన్నాడట. ఎవరు వంగుతారు అని. డైరెక్టరు, ఆవిడ ఎవర్నీ పొగిడిన పాపాన పోలేదని పేరు, కలం కింద పెట్టి ఇది ఏ పుస్తకంలోదని అడిగిందట. ఈయన ఠీవిగా పేరూ అధ్యాయమూ చెప్పాడు. "ఆ పుస్తకం నేను రెండుసార్లు చదివానండీ. నాలుగో అధ్యాయంలో గోదాము తప్ప మనుషులు లేరు," అన్నదట ఆవిడ.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? నేనే కాస్త విస్తరించానండీ అన్నాను." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పుస్తకంలో లేనిది ఉన్నట్టు చెబుతావుటోయ్? నా పరువేం కావాలి?"

"తర్వాత?"

ఆయన మొహంలో కోపం వెళ్ళలేదు గాని, దాని పక్కన సంతోషం కూడా వచ్చి కూర్చుంది. "శుక్రవారం అందరి ముందూ దీన్ని పూర్తిగా చెప్పాలిట. కొత్త వంటింటి డిజైను మొత్తం, ఈ ఆలోచన ఎవరిదైతే వాళ్ళ చేతిలోనే పెడతానంది. నేరుగా ఆవిడ కిందే పని! అయిందేదో మంచికే అయిందిలే. మిగతాది చెప్పు."

మిగతాది ఉంది. దాచేదేముంది, చాలా ఉంది. ఎడమచేతి వాటం వాళ్ళ గురించి, బిడ్డను చంకన వేసుకుని ఒక్క చేత్తో వండేవాళ్ళ గురించి, సింకు ఎత్తుకీ నడుము నొప్పికీ ఉన్న బంధుత్వం గురించి ఆమె తలలో ఒక గ్రంథమే ఉంది.

"అది నాదండీ," అంది.

"నీది నాది ఏమిటోయ్?" అని ఆయన హాయిగా నవ్వాడు. "మనింట్లో ఎప్పుడైనా అలా చూసుకున్నామా?"

ఎప్పుడూ చూసుకోలేదు. ఆ మాట అక్షరాలా నిజం. ఇల్లు మనది, కాగితాల్లో ఆయన పేరు. పాప మనది, జ్వరం వస్తే సెలవు పెట్టే ఉద్యోగం ఆమెది. పుస్తకాలు మనవి, గౌరవం ఆయనది. 'మన' అన్నది మహత్తరమైన తలుపు. ఇటునుంచి నెడితే ఎప్పుడూ తెరుచుకుంటుంది, అటునుంచి ఇటు ఏదీ రాదు. ఆయన దుర్మార్గుడు కాదు, దొంగ అంతకంటే కాదు. తనది కానిదాన్ని తీసుకుంటున్నానన్న అనుమానం వస్తే కదా దొంగతనం!

"అయినా నువ్వెళ్ళి చెబితే ఎవరు వింటారు చెప్పు? ఎన్నేళ్ళయింది నువ్వు పని మానేసి! అదే నేను చెబితే దానికో బరువుంటుంది. సరే, పద, వంటింట్లోనే చెప్పు. చూస్తూ నేర్చుకుంటాను."

మేనేజరుగారు వంటింటి ప్రవేశం చేశారు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న అత్తగారు కొడుకుని కొత్త అల్లుణ్ణి చూసినట్టు ఎగాదిగా చూసింది.

"దారి తప్పావా నాయనా?"

"శుక్రవారం ఉపన్యాసమమ్మా. అలమరల మీద."

"అలాగా. అయితే నేనే మీ డైరెక్టరునని అనుకో. ఏదీ, పెద్ద గిన్నె తియ్యి."

ఊళ్ళో సగం వంటిళ్ళకు అలమరలు అమ్మిన ఆ మహానుభావుడు ఒక తలుపు తెరిచాడు. డబ్బాలు. ఇంకొకటి తెరిచాడు. సబ్బులు. మరొకటి తెరిచాడు. అందులో ఆయనకే గుర్తులేని ఆయన చిన్నప్పటి పాలగ్లాసు కనిపించింది.

"అడుక్కి చూడరా. ఆడవాళ్ళు రోజూ తీసే వస్తువు అడుగునే ఉంటుంది," అంది తల్లి.

ఆయన వంగాడు, గిన్నె దొరికింది, విజయగర్వంతో లేవబోయాడు. పైన తెరిచి వదిలేసిన తలుపు అంచు నెత్తిన ఠంగుమని మోగింది.

"నాలుగో అధ్యాయం బుర్రకెక్కింది," అంది అత్తగారు.

అందరూ నవ్వారు, ఆయనతో సహా. నవ్వు అయ్యాక ఆయన నెత్తి రుద్దుకుంటూ, "ఆగాగు. తెరిచిన తలుపు వంగినవాళ్ళకి కనబడదు. అంతేనా? కాబట్టి పైకి లేచే తలుపు పెట్టాలి," అన్నాడు.

ఆమె నివ్వెరపోయింది. సరైన మాట! ఆయన మంచి శిష్యుడు. ఎప్పుడూ అంతే. ఒక్క దెబ్బకు ఒక సూత్రం నేర్చుకోగలడు. శుక్రవారం దాకా చెబితే అంతా నేర్చేసుకుంటాడు, తనకంటే బాగా కూడా చెబుతాడు. ఆమెకు భయం వేసింది అందుకే. తెలివితక్కువవాడైతే ఆలోచన ఎప్పటికైనా తిరిగి సొంతదారుని చేరుతుంది. ఇంత బాగా నేర్చుకునే మనిషి చేతికి వెళ్ళిందా, ఇక అది ఆయనదే. ఇంకో ఏడాదికి భోజనాల దగ్గర ఆయనే తనకు వివరిస్తాడు, చూడు, ఎవరు వంగుతారన్నది అసలు సంగతి, అని. తాను తల ఊపుతూ వడ్డిస్తుంది. తల ఊపడం అలవాటే గనక నొప్పి కూడా తెలియదు.

"తర్వాతది చెప్పు," అన్నాడాయన ఉత్సాహంగా.

"కుదరదు," అంది ఆమె.

"అదేం?"

కారణాలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె వాటిని అక్కడే ఆపేసింది.

"మీ డైరెక్టరుగారి నంబరు ఇవ్వండి. ఇంకా ఆఫీసులోనే ఉంటారుగా."

"నీకేమైనా మతిపోయిందా? నేనే విస్తరించానని చెప్పానే! ఇప్పుడు నువ్వు ఫోన్ చేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఆ మాటా నేనే చెబుతాను. పుస్తకాలన్నీ మీరే కొన్నారనీ, మీరు వినకపోతే నేను చెప్పేదాన్నే కాదనీ చెబుతాను. అవి రెండూ నిజాలు."

ఆయన తల్లివైపు చూశాడు. కొడుకులు సాయం కావలసినప్పుడు చూసే చూపు అది. ఏళ్ళ తరబడి పొంగిన పాలను తుడిచిన ఆ పెద్దావిడ తీరిగ్గా మోకాలు నిమురుకుంది.

"మరి ఇల్లో? పాపో?" అన్నాడు ఆయన, చివరి ఆయుధంగా.

"పాపని నేను చూసుకుంటాలే. ఈ ఇంట్లో వంగక్కర్లేని పని అదొక్కటే," అంది అత్తగారు. "ఇవ్వరా నంబరు. నా మోకాళ్ళ మీద ఉపన్యాసం ఇవ్వడానికి నువ్వెవడివి?"

ఆయన ఫోన్ తీశాడు. తర్వాత నంబరు నొక్కి, ఆమె చేతికి ఇచ్చి, నెత్తిమీద బొప్పి తడుముకుంటూ స్టూలు పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

అవతల ఫోన్ ఎత్తారు. "ఎవరండీ మాట్లాడేది?" అంది పొడిగా ఒక గొంతు.

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర సమాధానాల కొరత ఎన్నడూ లేదు. వారి భార్యనండీ. పాప వాళ్ళమ్మనండీ. వారు ఇంట్లో లేరండీ, రాగానే చెబుతానండీ. ఇన్నేళ్ళూ ఆమె వాటిని మర్యాదగా, పొల్లుపోకుండా వాడింది.

"నమస్కారం మేడమ్," అంది ఆమె. "నాలుగో అధ్యాయం నాది. శుక్రవారం ఎన్నింటికి రమ్మంటారు?"