ఇరవై నాలుగు బిట్ల సంఖ్య

ఏ డబ్బాకి ఏ మూతో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పొద్దున్నే మా ఆయన వంటగదిలోకి వచ్చి, అన్నం డబ్బా చేత్తో పట్టుకుని, "దీని మూతేదీ?" అంటారు. మూత ఆయన మోచేతి పక్కనే ఉంటుంది. నేను పలకడం ఆలస్యమైతే పెద్ద డబ్బా మూత తెచ్చి నొక్కేస్తారు. బ్యాగులో కూర కారితే ఆ తప్పు నాదే.

నా ఉద్యోగమూ ఇంచుమించు ఇదే. కంప్యూటర్‌లో సంఖ్యలు దాచుకోవడానికి ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు బిట్ల, అంటే అన్నేసి గళ్ల, డబ్బాలుంటాయి. మా కంపెనీ చేసే తూకం యంత్రం మాత్రం ఇరవై నాలుగు బిట్ల సంఖ్య పంపుతుంది. ఆ కొలతకి డబ్బా లేదు. అందరూ ముప్పై రెండులో పడేసి, మైనస్ సంఖ్యలు కాస్తా కోట్లెందుకు అవుతున్నాయో తెలియక జుట్టు పీక్కునేవారు. ఆ డబ్బా నేను చేశాను. లైబ్రరీ అంటాం మేం, ఒకరు రాసిపెడితే అందరూ వాడుకునే కోడ్. ఆఫీసులో దానికి టైము ఇవ్వలేదు కాబట్టి ఇంట్లో, పొయ్యి మీద ఒకటి ఉడికేలోపు కొంత, బట్టలు ఆరేసొచ్చి కొంత రాశాను. మా ఆయనదీ ఇదే లైను. "ముప్పై రెండులో పెట్టేస్తే పోయేదానికి ఇంత తతంగమా? నీకు పనిలేక," అన్నారు. అప్పుడు నా మోచేతుల దాకా గిన్నెల సబ్బు ఉంది.

ఇవాళ డబ్బాలు సర్దుతుండగా టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. చేతులు తడిగా ఉండి స్పీకర్ పెట్టాను.

"చూడమ్మా, పదకొండింటికి ఆస్పత్రి వాళ్లకి డెమో ఉంది. నీ లైబ్రరీ మధ్యలో ఆగి ఎర్రర్ చూపిస్తోంది. సంఖ్య పడుతుందో లేదో చూసే ఆ చెక్ తీసెయ్."

"తూకం తొట్టి మీద ఎవరి చెయ్యి ఆనినా, వైరు వదులైనా సంఖ్య పట్టనంత పెద్దదైపోతుంది సార్. అందుకే ఆగుతుంది. చెక్ తీసేస్తే పైభాగం కోసేసి, మిగిలిందే బరువని చూపిస్తుంది. చూడ్డానికి నిజం బరువులాగే ఉంటుంది."

"అదేగా కావాల్సింది. ఏదో ఒక నంబర్ కనిపించాలి."

"అప్పుడే పుట్టిన పిల్లల్ని తూస్తారు సార్ దాని మీద. ఆ బరువుని బట్టే మందు వేస్తారు."

"అన్నీ మనమే ఆలోచిస్తే ఎలాగమ్మా. కాస్త సర్దు. కోడ్ నీ పేరు మీదుంది కాబట్టి మార్పు కూడా నీ పేరు మీదే వెయ్యి. డెమో నేను చూసుకుంటా. నువ్వు రానక్కర్లేదులే, ఇంట్లో పనులుంటాయిగా."

డెమో స్లైడ్లు నిన్ననే చూశాను. అందులో అది 'మా టీమ్ లైబ్రరీ'. నా పేరు ఎక్కడా లేదు. పొగడ్త వస్తే టీమ్‌ది, తప్పు వస్తే నాది. ఒళ్లు మండిపోయింది.

హాల్లోంచి అత్తయ్య అంది, "ఆఫీసాయన అంత మర్యాదగా అడుగుతుంటే సర్దుకోవచ్చు కదమ్మా."

"చెయ్యమన్నది చేసెయ్, మనకెందుకు," అన్నారు మా ఆయన. "దీని మూతేదీ?"

పెళ్లైన కొత్తలో గది దగ్గర సర్దుకోమన్నారు. నా టేబుల్ వాషింగ్ మెషీన్ పక్కకి చేరింది. అత్తయ్యకి ఆపరేషన్ అయినప్పుడు సెలవు పెట్టి సర్దుకోమన్నారు. ఆ ఏడు నాకు రావాల్సిన ప్రమోషన్‌తోనే ఇప్పుడు ఫోన్ చేసినాయన టీమ్ లీడ్ అయ్యాడు. నాలో పట్టని ప్రతిదాన్నీ పైన కోసేసి కుక్కుకున్నాను. బయటికి అంతా సరిగ్గానే కనిపించేది. కోడలంటే ఇలా ఉండాలి అని చుట్టాలు మెచ్చుకునేవారు. ఏం కోసుకుపోయిందని ఎవరూ అడగలేదు. ఎర్రర్ రాలేదు కదా మరి.

చేతులు తుడుచుకుని కోడ్ తెరిచాను. ఆ చెక్ ఒక్క లైను. తీసెయ్యడం ఎంతసేపు? కర్సర్ దాని మీద పెట్టి కూర్చున్నాను. ఇది నాలో పట్టదు అని ఈ ఇంట్లో నేను ఒక్కసారీ అనలేదు. నేను రాసిన కోడ్ ఆ మాట అంటోంది. దాని నోరు కూడా నేనే నొక్కాలా? టీమ్ లీడ్ మాత్రం తన చేత్తో తియ్యడు. ఆ ధైర్యమే ఉంటే నాకు ఫోన్ చేసేవాడు కాదు.

లాప్‌టాప్ మూసి మెసేజ్ పెట్టాను. "చెక్ తియ్యను. డెమోకి వస్తున్నాను. ఎందుకు ఆగుతుందో ఆస్పత్రి వాళ్లకి నేనే చెబుతాను."

నేను చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు.

"ఇప్పుడెక్కడికి? మూతేదో చెప్పి వెళ్లు."

మూత ఆయన వెనకే, గట్టు మీద ఉంది. చెప్పకుండా మెట్లు దిగాను.