దించిన కిలోమీటర్లు

పాత బండిని వదిలించుకోవాలంటే ముందు దాని మీద తిరిగిన కిలోమీటర్లను దించెయ్యాలి. గాజువాక ఆటోనగర్‌లో ఆ పని అప్పలకొండ చేస్తాడు. స్పానరుతో మీటరు విప్పి, లోపల వేలు పెట్టి, రోడ్డు కొస దొరకబుచ్చుకుని లాగుతాడు. నాలుగు వేళ్ళ వెడల్పున, నల్లగా, తారు వాసనతో వస్తుంది. చాప చుట్టినట్టు చుట్టి షెడ్డు మూల నిలబెడతాడు. ఊళ్ళో అందరూ చేయించుకునేదే కాబట్టి దీన్ని ఎవరూ మోసం అనరు.

సన్యాసిరావు మాత్రం అంటాడు. పక్కవాడు చేయిస్తే మోసం, తాను చేయిస్తే సర్వీసింగు. మహానుభావుడు!

ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు. మందుల కంపెనీ సంచీ తగిలించుకుని డాక్టర్ల చుట్టూ తిరిగే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఒకటే బండి, నూట పాతిక సీసీది. ముసురు పట్టినా, ఎండలు మండినా ఒక్క కిక్కుకి అందుకుంటుంది. ఒక్కనాడూ నడిరోడ్డు మీద వదిలెయ్యలేదు. పాపం, అది చేసిన తప్పల్లా అదే. ఎప్పుడూ ఆగని బండి మొహం ఎవరు చూస్తారు? ఈయన మనసు ఆరువందల యాభై సీసీ స్పోర్ట్స్ టూరింగ్ బండి మీద పడింది. కాస్త ముందుకి వంగి కూర్చుంటే చాలు, ఎంత దూరమైనా నడుం నొప్పి లేకుండా పోవచ్చట. కొత్తది అందని మాట కాబట్టి సెకండ్ హ్యాండ్‌ది చూసుకున్నాడు.

"నిన్ను బండి మీద రామేశ్వరం తీసుకెళ్తానని పెళ్ళైన కొత్తలో మాటిచ్చాను కదా. ఇదంతా నీకోసమే" అంటాడు భార్య లలితేశ్వరితో.

"నా పేరు చెప్పకండి. మోజు పడ్డారు, కొనుక్కోండి. అయినా ఉన్నదానికేం వచ్చింది? నమ్మకంగానే తిరుగుతోందిగా" అంటుంది ఆవిడ.

"కొత్తగా వచ్చేదాని నమ్మకం సంగతి నేను చూసుకుంటాను."

చూసుకోవడం అంటే మామూలుగా కాదు. పెదవాల్తేరులో దత్తుగారనే రిటైరైన ఓడల ఆఫీసరు దగ్గర ఉంది బండి. సన్యాసిరావు పొద్దున్నే, చెప్పిన టైముకి గంట ముందే వెళ్ళి, పలకరింపైనా లేకుండా ఇంజను మీద అరచెయ్యి ఆనిస్తాడు. స్టార్టవడానికి మొరాయించే బండిని బేరగాడు వచ్చేలోపు వేడి చేసి పెట్టడం అమ్మేవాళ్ళ పాత ఎత్తు. ఈ ఇంజను కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చెయిను చూస్తాడు, ముందు షాక్ అబ్జార్బర్ల దగ్గర ఆయిలు చెమ్మ ఉందేమోనని గుడ్డతో తుడిచి చూస్తాడు. సర్వీసు పుస్తకం ఒక్కో పేజీ వెలుతురుకి పెట్టి చదువుతాడు.

"మీటరు తిప్పించలేదు కదా? నిజం చెప్పండి. అలాంటివాళ్ళంటే నాకు మంట."

"అరవై రెండు వేలు. ఒక్కటి కూడా దించలేదు. బండితోపాటు అన్నీ మీకే వస్తాయి, ఆలోచించుకోండి" అంటారు దత్తుగారు. ఆయన వెనక, హాల్లో, బంతిపూల దండ వేసిన ఫోటోలో ఆయన భార్య నవ్వుతోంది.

సన్యాసిరావు ఆలోచించుకోవలసింది పాత బండి గురించే. అపార్ట్‌మెంటు సెల్లారులో ఆయన వాటాకి ఒక్క బండికే చోటు. లక్షా ముప్ఫై ఎనిమిది వేలు తిరిగినదాన్ని తీసుకునే నాథుడు లేడు. ఒక్కాయన మాత్రం మీటరు ఇరవై వేల లోపు ఉంటే మధ్యాహ్నమే తోలుకుపోతానన్నాడు. అందుకని తగుదునమ్మా అని అప్పలకొండ షెడ్డుకి వచ్చి కూర్చున్నాడు.

"ఎంతకి దించమంటారు బావూ?"

"పద్దెనిమిది వేలకి."

"పైనుంచి దిగుతాది మరి. మొన్నటివి ముందెలిపోతాయి, ఎనకటివి మిగుల్తాయి. మజ్జిన ఏరుకోడానికి నేదు."

"తెలుసులేవయ్యా, కానీ."

అప్పలకొండ లాగుతాడు. రోడ్డు సరసరా వస్తుంది. దాని మీద అక్కడక్కడా స్పీడు బ్రేకర్లు, వాన నీళ్ళ గుంటలు, ఒకచోట పడిపోయిన చిన్న పిల్లల చెప్పు. లక్ష దగ్గరికి వచ్చేసరికి సన్యాసిరావు జేబులో ఫోను మోగుతుంది.

"ఏవండీ, గుత్తి వంకాయ చేస్తున్నాను. కిలో కోశాను. సుహాసిని కూడా కాలేజీ నుంచి భోజనానికి వచ్చేస్తానంది. మీరెప్పుడొస్తారు?"

"ఒక్క గంట. పెద్ద బండి మీదే వస్తాను."

అరవై వేలు. చుట్టలు మూల నుంచి గుమ్మం దాకా వచ్చాయి.

"సుహాసినికి కారం తగ్గించాలి, చిన్నపిల్ల కదా. ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు" అంటుంది లలితేశ్వరి.

సన్యాసిరావు "ఊఁ" అంటాడు. ఆయన చూపు మీటరు మీద ఉంది. నలభై వేల దగ్గర రోడ్డు కాసేపు తడితడిగా వస్తుంది. సుహాసిని పుట్టిన రాత్రి నొప్పులు పడుతున్న ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పోయిన పది కిలోమీటర్లవి. అప్పలకొండ చేతులు లుంగీకి తుడుచుకుని మళ్ళీ లాగుతాడు.

ఫోనులో గరిట చప్పుడు ఆగిపోతుంది. "ఇదేంటండీ, ఇద్దరికి ఇన్ని వంకాయలు కోశాను? నాకేమైనా మతిపోయిందా?"

ఇప్పుడైనా ఉలిక్కిపడాలా వద్దా? పడతాడు. అయితే పడినవాడు అప్పలకొండతో ఆపమని చెప్పడు, ఆవిడతో "ఒక్క నిమిషం ఉండు" అంటాడు. ఇంతలో అప్పలకొండే ఆగి తలెత్తుతాడు.

"ఇరవై ఒకటి కాడున్నాం బావూ. ఆపీమంటారా?"

ఫోనులో గొంతు సర్దుకుని, బెరుకుగా, "సన్యాసిరావుగారా? మొన్న పెళ్ళిచూపులకొచ్చారు... ఏ మాటైనా మా నాన్నగారే చెప్తారండీ" అంటోంది లలితేశ్వరి.

సన్యాసిరావు ఫోను మీద చెయ్యి మూస్తాడు. ఇరవై లోపుంటేనే తీసుకుంటానన్నాడు అవతలాయన. ఇంకా మూడు వేలే. ఇల్లెక్కడికీ పోదు, మనిషెక్కడికీ పోదు, ఇంటికెళ్ళాక నిదానంగా చెప్పుకోవచ్చు అనుకుంటాడు. సిగ్గులేని లెక్క!

"పద్దెనిమిది అనుకున్నాం కదా, లాగెయ్" అంటాడు.

"ఎవరండీ? రాంగ్ నంబరు" అని ఫోను పెట్టేస్తుంది ఆవిడ.

అప్పుడు సన్యాసిరావు "మళ్ళీ ఎక్కించెయ్యి, ఉన్నవన్నీ ఎక్కించెయ్యి!" అని చుట్టల మీద పడతాడు.

"ఎక్కించడం నేదు బావూ. ఎక్కాలంటే తిరగాల."

"నేను తిరిగినవే కదయ్యా!"

"ఇప్పుడు తిరగనేదు కదా" అంటాడు అప్పలకొండ, తప్పేమీ లేనట్టు. అవతలాయన చెప్పిన టైముకే వచ్చి, పాత బండి మీద చెయ్యి వేసి మురిసిపోయి, ఒక్క కిక్కుకి స్టార్టు చేసుకుని వెళ్ళిపోతాడు. అది వెనక్కి తిరిగి చూడదు.

దత్తుగారు తాళాలు ఇచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఇచ్చిన క్షణం నుంచి ఆయన మొహం కడిగిన పళ్ళెంలా ఉంది.

"ఏవండీ, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. నా గోడ మీదున్న ఈ ఫోటో ఎవరిదో మీకేమైనా తెలుసా?"

సన్యాసిరావుకి తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు. బండి తొలి నొక్కుకే అందుకుంటుంది. గేర్లు వెన్నలా పడతాయి, బ్రేకులు అనుకున్నచోట ఆపుతాయి. ఒక్క వంక దొరికినా బాగుణ్ణు, దాన్ని తిట్టుకుంటూ అయినా పోయేవాడు.

తలుపు లలితేశ్వరే తీస్తుంది. అదే చీర, కొంగుకి అదే పసుపు మరక. ఇంట్లో గుత్తి వంకాయ వాసన. బల్ల మీద ఒక్క కంచం. సుహాసిని చదువుకునే మూల కుట్టుమిషను ఉంది.

"ఎవరు కావాలండీ?"

"నేనే లలితా. రామేశ్వరం... నువ్వు వెనక కూర్చుని..."

"ఎవరినో చూసి నేననుకున్నట్టున్నారు. ఎండన పడి వచ్చారు, ఉండండి" అని మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది. ఆయన నీళ్ళు తాగుతుంటే పిట్టగోడ మీదుగా కింద ఉన్న బండి వైపు చూస్తుంది. వేళాకోళమేమీ లేదు, పరాయి మనిషితో ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడుగుతుంది.

"పెద్ద బండే. నమ్మకంగా ఉంటుందా?"

ఇంత జరిగినా నోరు తన అలవాటు తాను మానదు. "చాలా నమ్మకమండీ. ఒక్క చేతి మీద నడిచింది. మీటరు కూడా తిప్పించలేదు" అంటాడు సన్యాసిరావు.

"అదృష్టవంతులు" అని ఆవిడ గ్లాసు తీసుకుని తలుపు వేసుకుంటుంది.

బండెక్కి రోడ్డు మీదికి వస్తే, ముందు పాత ఇనుప సామాన్ల తోపుడు బండి పోతోంది. దాని మీద అప్పలకొండ షెడ్డులోని చుట్టలు. గతుకుకి ఒక చుట్ట జారి, కొస విడివడి, ఎండలో నల్లగా పరుచుకుంటూ పోతుంది. దాని మీద మాత్రం వాన కురుస్తోంది. ఆ వానలో, బొటనవేలంత, నూట పాతిక సీసీ బండి వెళ్తోంది. నడిపేవాడి వెనక ఒక ఆడమనిషి, ఇద్దరి మధ్యా పచ్చ రెయిన్‌కోటులో నలిగిపోతున్న పిల్ల. పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది. సన్యాసిరావు ఉన్న బలమంతా పెట్టి పెద్ద బండిని ఆ నాలుగు వేళ్ళ రోడ్డు మీదికి తిప్పుతాడు.

"ఏవండీ" అని వెనక సీటు నుంచి పిలుపు.

ఒక్క క్షణం ఆయన ప్రాణం లేచి వస్తుంది. నడుం చుట్టూ గాజుల చెయ్యి పడుతుంది. పొద్దున్న ఇంజనంత చల్లగా ఉంది ఆ చెయ్యి. ముందుగా వేడి చేసి ఎవరూ మోసం చెయ్యలేదు. ఫోటో దండలోని బంతిపూల రెక్కలు రెండు ఆయన మోచేతి మీద రాలతాయి.

"ఏవండీ, ఆ రోడ్డు మనది కాదు. ఎడమకి తిప్పండి, ఇంటికి పోదాం."

ఎడమ ఇండికేటరు దానంతట అదే వెలిగి, టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలుపెడుతుంది.