కుట్టిన నోటు

మా ఆయన ఇర్విన్ మంచివాడే గానీ, చెప్పాపెట్టకుండా మేలు చేసే జబ్బొకటుంది. ఆ సోమవారం పొద్దున ఆల్బం తెరిచి చూస్తే నా 1764 నాటి పెన్సిల్వేనియా నోటు లేదు.

"స్ట్రౌస్‌కి ఇచ్చొచ్చానే, పాత నోట్లు బాగుచేస్తాడుగా. ఆ దారాలు పీకేసి, చిరుగు కనబడకుండా అతికిస్తాడట. శనివారం మన పాత నోట్ల క్లబ్బు ప్రదర్శనలో మొదటి బహుమతి నీదే!" అన్నాడు కాఫీ తాగుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి ముందు నుంచీ పాత నోట్లు పోగుచేస్తున్నాను. మడతైనా పడని నోట్లు నా దగ్గరా ఉన్నాయి. వాటిని ఎవరూ వాడలేదు, అంతే. ఈ ఇరవై షిల్లింగుల నోటు మాత్రం చేతులు మారి మారి నడిమికి చిరిగిపోతే, ఆ రోజుల్లోనే ఎవరో ఇల్లాలు నల్లదారంతో కుట్టుకుంది. ఆ కుట్టు చూసే నేను దాన్ని కొన్నాను.

"నిన్నెవరడిగారు?"

"నువ్వు సంతోషిస్తావని..."

"సంతోషించాంలే. కారు తియ్యి."

రెడింగ్ ఊళ్ళో స్ట్రౌస్ కొట్టుకి వెళ్ళేసరికి నోటు గాజుపలక మీద రెండు ముక్కలై ఉంది. పక్కన పొడిపొడిగా రాలిన పాత దారం.

"రండి హెస్టర్ గారూ! సగం పనైపోయింది. పీడ వదిలింది," అన్నాడు. మా క్లబ్బు అధ్యక్షుడు కూడా అతనే.

ఏడుపు తన్నుకొచ్చింది. అతని ముందు ఏడవదలుచుకోలేదు.

"నా నోటు నాకిచ్చెయ్."

"ముక్కలుగానా? కుట్లేసిన నోటుని ప్రదర్శనలో పెట్టనివ్వం. అది క్లబ్బు నియమం."

"ఆ నియమం పెట్టిందెవరు?"

"నేనే."

"అదీ సంగతి."

బొంతలు కుట్టుకునే సూదిదారాల సంచీ నాతోనే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, సన్నసూదిలోకి నల్లదారం ఎక్కించాను.

"అయ్యో, పిచ్చెక్కిందా మీకు? మ్యూజియంలో ఉండాల్సిన కాగితం!" అంటూ స్ట్రౌస్ చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యి, సూది గుచ్చుకుంటుంది. పాత కన్నాల్లోంచే పోనిస్తున్నా. కొత్తది ఒక్కటి పొడిస్తే అప్పుడడుగు."

ఇర్విన్ ముందుకొచ్చాడు. దీపం నాకు దగ్గరగా జరిపాడు. అతని మీద కోపం అక్కడికక్కడే సగం దిగిపోయింది.

"ఇక దీనికి ఎవడూ డాలరు కూడా ఇవ్వడు," అన్నాడు స్ట్రౌస్.

"అమ్ముతానని నీతో చెప్పానా?"

"ప్రదర్శన గాజుపెట్టెలో మాత్రం పెట్టనివ్వను!"

"మెడలో వేసుకొస్తాను. గుమ్మంలో ఆపుతావా?"

అన్నంత పనీ చేశాను. శనివారం దాన్ని అద్దాల చట్రంలో బిగించి, మెడలో వేలాడేసుకుని హాలంతా తిరిగాను. మొదటి బహుమతి మడత నలగని నోటుకే వచ్చింది. స్ట్రౌస్ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను కావాలనే రెండుసార్లు అతని ముందు నుంచే నడిచాను.

ఎవరో పెద్దావిడ నన్ను ఆపి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఈ కుట్టు ఎవరిదమ్మా?"

"కన్నాలు ఆ కాలపు ఇల్లాలివి. దారం నాది," అన్నాను, స్ట్రౌస్‌కి వినబడేలా.