మేకుకు లేని కంబళి

మంచుకు తడిసిన కంబళి వాసన.

తిమ్మక్క కళ్లు తెరవకముందే ఆ వాసన. తలుపు సందులోంచి, పెంకుల కిందినుంచి... కొండే ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు.

తెల్లవారింది. హార్స్లీ హిల్స్ లేదు. మంచు ఉంది.

గోడకు మేకు ఉంది. మేకుకు కంబళి లేదు.

కొడుకు చాప ఖాళీ.

నిన్న పొద్దుగూకే వేళ మరిది నల్లప్ప గడప మీద కూర్చుని నవ్వాడు.

"ఏం మురళీ, కొత్త సంవత్సరానికి మీ రిసార్టోళ్లకు కడితి మాంసం కావాలంట. తోలేదానికి వస్తావా? లేకుంటే ప్లేట్లు కడిగి కడిగి కాళ్లు కూడా మెత్తబడినాయా?"

"పో చిన్నాయనా, నాకు డ్యూటీ ఉండాది."

"వాణ్ని ఇడిసిపెట్టప్పా," అంది తిమ్మక్క. "మీ యన్నను తిన్న కొండకు ఇంకా ఆకలేనా?"

నల్లప్ప నవ్వు ఆగింది. మురళి తల ఎత్తలేదు.

ఆమె కొడుకు డ్యూటీ మాట నమ్మి పడుకుంది.

కడితి — ఎద్దంత జింక. మంచులో దాని కొమ్ములు కనబడవు. ఒళ్లే కనబడుతుంది. తడిసిన నల్ల కంబళిలా.

తడిసిన కంబళి కప్పుకున్న మనిషీ అలాగే కనబడతాడు.

ఆమె మొగుడు అలాగే కనబడ్డాడు.

ఆ కంబళే ఇది. గుండు దూరిన చోట ఆమే ఉన్ని పోగుతో కుట్టింది. కప్పుకోవడానికి కాదు... పారేయలేక.

కొడుకు దాన్నే చలికి కప్పుకుపోయాడు.

తిమ్మక్క కొండ ఎక్కుతోంది. రాయి. ముల్లు. మంచు. మళ్లీ రాయి.

ఒకడు పైనుంచి తోలాలి. ఒకడు తుపాకితో పొంచి ఉండాలి. తోలేవాడి ముందు కడితి. కడితి జారిపోతే... ముందు కనబడేది తోలేవాడే.

"మురళీ..."

మంచు మింగింది.

వేటకు పోయినవాడు పేరు పెట్టి పిలిస్తే పలకడు. అమ్మ గొంతుతో కొండ పిలుస్తుందంటారు. పలికినవాడు దిగిరాడంటారు. పిలుపు వినబడితే రాయిలా నిలబడాలి. నాయన చెప్పిన మాటల్లో కొడుకుకు మిగిలింది అదొక్కటే.

"రేయ్, నేను రా! అమ్మను! కంబళి తీసెయ్ రా!"

కొండ కూడా అలాగే అంటుంది కదా.

ఢంక్...

కడితి బెదురు కూత. ఎక్కడో పైన. గిట్ట నేలను తన్నిన చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు.

ఎదురుగా ఒకచోట మంచు నల్లబడింది.

కదలదు.

బెదిరిన కడితీ కదలదు. పిలుపు విన్న కొడుకూ కదలడు.

వెనక, కింద, పొదలో బీడీ దగ్గు. ఆమె ఎరిగిన దగ్గే. దగ్గు ఆగింది. ఇనుము చిన్నగా టక్‌మంది.

"నల్లప్పా! కాల్సొద్దప్పా... కాల్సొద్దు!"

నల్లప్ప కూడా వేటగాడే. పిలిస్తే పలకడు.

తిమ్మక్క పరుగెత్తింది. ఆ నలుపుకూ ఆ పొదకూ నడుమ నిలబడింది. వీపు తుపాకి వైపు. చేతులు రెండూ బారలు చాచి... ఎంత చాచినా మనిషి వెడల్పు కొండకు చాలదు.

"నాయనా... ఒక్క మాట పలుకు రా. పలకగూడదనే ఆ కట్టు ఒక్కసారి ఇడిసిపెట్టు నాయనా..."

నలుపు పలకలేదు.

ఆ వైపునుంచి గాలి వచ్చింది. ఆమె ముఖం నిండా కొట్టింది.

మంచుకు తడిసిన కంబళి వాసన.

పొద్దున్నుంచీ కొండంతా అదే వాసన...